వచనవ్యవస్థ: ఇంగ్లీషు, తెలుగు – శంషాబాదు పదముల సాక్ష్యము

ఒక వస్తువును ఒకటియనియు, పెక్కింటిని పెక్కులనియు తెలుపుటకు భాష చేసికొన్న ఏర్పాటును వైయాకరణులు వచనమనిరి. పైకి చూడ వ్యాకరణమున ఇంతకంటె సులభమైన విషయము లేదు. అయినను మన విద్యార్థులు ఇంగ్లీషు వ్రాయునపుడు తఱచుగా తప్పు త్రోవ పట్టునది ఇచ్చటనే. ఒకడు ‘దిస్ బుక్స్’ అని వ్రాయును. వేఱొకడు ‘హి గో’ అనును. మఱియొకడు ‘టెన్ రుపీస్ నోట్’ అనును. ఉపాధ్యాయుడు వానిని ఎఱ్ఱసిరాతో కొట్టివేసి, అశ్రద్ధ అని ప్రక్కన వ్రాసి, తరువాతి కాగితమునకు పోవును. ఆ తప్పులలో పెక్కు అశ్రద్ధవలన కలిగినవి కావనియు, రెండు భాషల వచనవ్యవస్థలకు గల భేదమునుండి పుట్టినవనియు, ఆ భేదమునకు చరిత్ర కలదనియు చూపుట ఈ వ్యాసముయొక్క ఉద్దేశము.

ఈ చరిత్రను పరిశీలించుటకు మేము శంషాబాదు ప్రాంతమును ఎన్నుకొంటిమి. హైదరాబాదు నగరమునకు దక్షిణమున, కర్నూలు పోవు రహదారిపై ఉన్న ఈ ఊరు ఒకప్పుడు పైగా ప్రభువుల ప్రాభవమెఱిగినది. 2008వ సంవత్సరము మార్చి మాసమున ఇచ్చట రాజీవ్ గాంధీ అంతర్జాతీయ విమానాశ్రయము ప్రారంభమైనది. కావున పారసీక, అరబ్బీ, ఉర్దూ పదముల పొరయు, దానిపై ఇంగ్లీషు పదముల పొరయు, రెంటికిని అడుగున సంస్కృతపు పొరయు ఇచ్చట ఒకేచోట కానవచ్చును. పరభాషాపదము తెలుగులోనికి వచ్చునపుడు దాని వచనమేమగును? ఇదియే మా ప్రశ్న.

1

మొదట సంస్కృతమును చూతము. విమానాశ్రయమను పేరులోని విమానశబ్దమునే ఉదాహరణముగా గైకొందము. సంస్కృతమున ఒకటి విమానమ్, రెండు విమానే, పెక్కు విమానాని. ఏకవచన ద్విచన బహువచనములని ఆ భాషలో వచనములు మూడు. తెలుగు ఈ మూడు రూపములలో దేనిని గ్రహింపలేదు. విభక్తిప్రత్యయములను తొలగించి, మిగిలిన ప్రాతిపదికమును మాత్రము గైకొని, ‘ము’ చేర్చి విమానమనియు, ‘లు’ చేర్చి విమానములనియు చెప్పినది. ద్వివచనమును పూర్తిగా విడిచినది. రెండైనను రెండువేలైనను విమానములే. బాలవ్యాకరణమున చిన్నయసూరి తత్సమపరిచ్ఛేదమున చెప్పిన ప్రక్రియ ఇదియే. ఆ గ్రంథము 1858వ సంవత్సరమున వెలువడినను ప్రక్రియ అంతకు ఎన్నో శతాబ్దుల ముందునుండి భాషలో జరుగుచున్నదే.

మఱియొక ఉదాహరణము. భార్యయను అర్థముగల దారశబ్దము సంస్కృతమున పుంలింగము, నిత్యబహువచనము. భార్య ఒక్కతెయైనను దారాః అని బహువచనముననే చెప్పవలెను. తెలుగువారు పరదార అన్నపుడు ఆ బహుత్వము మాయమైనది. ప్రాణశబ్దమును గూడ సంస్కృతమున ఊపిరియను అర్థమున బహువచనమున వాడుదురు. తెలుగున ప్రాణము పోయెననుటయు కలదు, ప్రాణములు పోయెననుటయు కలదు. రెంటిని నిర్ణయించునది తెలుగు వాడుకయే. ఇంతటి గౌరవస్థానమున నున్న సంస్కృతము విషయముననే తెలుగు తన వచనమును వదులుకొనలేదు.

2

ఇక రెండవ పొర. శంషాబాదను పేరు పైగా వంశీయుల బిరుదమైన షంసుల్ ఉమరానుండి వచ్చినదని చెప్పుదురు. షమ్స్ అనగా సూర్యుడు. ఉమరా అనగా అమీరులు. షంసుల్ ఉమరా అనగా అమీరులలో సూర్యుడు. అమీర్ అనునది అరబ్బీలో ఏకవచనము. ఉమరా దాని బహువచనము. అరబ్బీభాషలో పెక్కు పదములకు చివర ప్రత్యయము చేర్చుట లేదు. పదము నడుమనున్న అచ్చులు మారి బహువచనమేర్పడును. తెలుగున అటువంటి పద్ధతి లేనందున మన చెవికి ఉమరా అనునది బహువచనముగా తోచదు. ఒక బిరుదముయొక్క తుదిభాగముగా మాత్రమే వినబడును.

నవాబుశబ్దము ఇంతకంటె విశేషమైనది. అరబ్బీలో నాయిబ్ అనగా ప్రతినిధి. దాని బహువచనరూపము నువ్వాబ్. గౌరవార్థము ఒక్కనినే బహువచనమున పేర్కొను మర్యాదచే అది నవాబ్ అని ఒక్క ప్రభువునకు చెల్లినది. తెలుగులోనికి ఏకవచనము నాయబు అను రూపమున వచ్చినది. నాయబు తహశీలుదారు అను ఉద్యోగనామము తెలంగాణమున అందఱెఱిగినదే. బహువచనము నవాబు అను రూపమున వచ్చినది. ఒకే పదముయొక్క రెండు వచనములు రెండు వేఱు పదములుగా వచ్చి, రెండును తెలుగున ఏకవచనములై, మరల నాయబులు, నవాబులు అని ‘లు’ చేర్చుకొన్నవి. ఆసామి అను మాటయు ఇట్టిదే. పేరులను అర్థముగల అరబ్బీ బహువచనము అది. మనకు ఒక మనిషి. ఆసాములు అన్నపుడే మనకు పెక్కురు.

ఈ ప్రాంతముయొక్క పరిపాలనాచరిత్రలో గూడ ఇట్టి సాక్ష్యము కలదు. నేడు శంషాబాదు మండలమున్న రంగారెడ్డి జిల్లా 1978వ సంవత్సరమున హైదరాబాదు జిల్లానుండి విభక్తమైనది. ఆ హైదరాబాదు జిల్లా 1948వ సంవత్సరమున అత్రాఫె బల్దా, బాగాత్ అను రెండు జిల్లాలను కలుపగా ఏర్పడినది. అత్రాఫ్ అనునది తరఫ్ అను పదమునకు బహువచనము. నగరమునకు నలుదిక్కుల భూములని భావము. తరఫు అను ఏకవచనము తెలుగున ‘మా తరఫున’ అని నిత్యవ్యవహారమున నిలిచినది. బాగాత్ అనునది తోట అను అర్థముగల బాగ్ అను పారసీకపదమునకు అరబ్బీ బహువచన ప్రత్యయము చేర్పగా వచ్చినది. అడవుల శాఖను హైదరాబాదు రాజ్యమున జంగలాత్ అనిరి. జంగల్ మన దేశపు మాట, చివరనున్న ‘ఆత్’ అరబ్బీ ప్రత్యయము. తెలంగాణపు పల్లెలలో జంగ్లాతువారు అన్నపుడు అడవులను లెక్కించుట లేదు. ఒక శాఖను పేర్కొనుచున్నారు.

ఇచ్చట ఒక భేదము గమనింపదగినది. పారసీకము, ఉర్దూ అరబ్బీపదములను మాత్రమేగాక అరబ్బీ బహువచనప్రత్యయమును గూడ గ్రహించి, తమ పదములకు చేర్చినవి. ఇంగ్లీషు గూడ లాటినునుండి డేటా, గ్రీకునుండి ఫినామినా అను బహువచనములను ఉన్నవి ఉన్నట్లు గ్రహించినది. తెలుగు అట్లు చేయలేదు. మా పరిశీలనమున తేలిన సూత్రమిది: తెలుగు పరభాషాపదమును గ్రహించును, పరభాషావచనమును గ్రహింపదు.

3

ఈ సూత్రము ఇంగ్లీషుపదముల విషయమున ఎంతవఱకు నిలుచునో చూతము. విమానాశ్రయమున సామాను పరీక్షించు శాఖను కస్టమ్సు అందుము. నిజామురాజ్యమున ఆ పనిచేసిన శాఖ పేరు కరోడ్‌గిరి. ఇంగ్లీషున కస్టమ్స్ అనునది బహువచనరూపము, సుంకములని అర్థము. తెలుగున కస్టమ్సు ఒక్క శాఖ. రైలుమార్గమున ఊరికి స్టేషనైన ఉమ్దానగరు వంటి చోట్ల జనులు గూడ్సుబండి అందురు. గూడ్స్ అనగా సరకులు, అదియు బహువచనమే. మనవారికి గూడ్సు అనగా ఒక బండి. పెక్కు బండ్లు గూడ్సులు. పాఠశాలలో చెల్లించు ఫీజు ఇంగ్లీషున ఫీ అను ఏకవచనమునకు బహువచనమైన ఫీజ్ నుండి వచ్చినది. దానిపై మరల ‘లు’ చేర్చి ఫీజులందుము.

దీనికి విపరీతముగా, ప్యాంట్స్ అను నిత్యబహువచనమునుండి మనము ‘స్’ను తొలగించి ప్యాంటు చేసితిమి. బూట్స్‌ను బూట్లు చేసితిమి. ఇంగ్లీషున పోలీస్ అను పదమునకు రూపమున బహువచనచిహ్నము లేకున్నను క్రియ బహువచనముననే ఉండవలెను. మనము ఒక పోలీసు, పదిమంది పోలీసులు అని లెక్కించుచున్నాము. ఒకచోట ‘స్’ను పదములో కలుపుకొంటిమి, వేఱొకచోట త్రోసివేసితిమి. రెండుచోట్లను దానికి వచనార్థము ఇయ్యలేదు. బహుత్వమును చెప్పు అధికారము ‘లు’ ఒక్కదానికే దక్కినది.

ఇట్టి మార్పులు తెలుగువారి అజ్ఞానమని ఎవరైన తలంచినచో, ఇంగ్లీషుచరిత్రను చూపవచ్చును. బటానీకి వారు పూర్వము పీజ్ అనెడివారు, అది ఏకవచనమే. తుదినున్న ధ్వనిని బహువచనచిహ్నమని భ్రమించి, దానిని తొలగించి, పీ అను క్రొత్త ఏకవచనమును కల్పించికొనిరి. ఫ్రెంచినుండి వచ్చిన చెఱ్ఱీ అను పండుపేరును అట్లే ఏర్పడినది. న్యూస్ అను పదము ఒకప్పుడు బహువచనముగా వాడబడి, నేడు ఏకవచనమైనది. అజెండా అనునది లాటినున చేయవలసిన పనులను అర్థముగల బహువచనము. నేటి ఇంగ్లీషున ఒక్క పట్టిక.

అయితే మా సూత్రమునకు విరుద్ధముగా తోచు విషయమొకటి కలదు. దానిని దాచుట న్యాయము కాదు. నేటి నగరవ్యవహారమున ‘బుక్స్ కొన్నాను’, ‘ఫ్రెండ్స్ వచ్చారు’, ‘ఫ్లైట్స్ రద్దయ్యాయి’ అను వాక్యములు విరివిగా వినవచ్చుచున్నవి. ఇందు ‘స్’ నిజముగా బహుత్వమునే తెలుపుచున్నది, ‘లు’ లేదు. మూడుభాషల పొరలలో నిలిచిన నియమము ఇచ్చట సడలినదని మేము అంగీకరించుచున్నాము. కాని పై వాక్యములలోని క్రియలను గమనింపవలెను. ఫ్రెండ్స్ మనుష్యులు గనుక ‘వచ్చారు’ అనియు, ఫ్లైట్స్ జడములు గనుక ‘రద్దయ్యాయి’ అనియు క్రియ వేఱుపడినది. ఇంగ్లీషుప్రత్యయమునకు ఈ భేదము తెలియదు. అనగా నామముపై ప్రత్యయము మారినను, నామమునకును క్రియకును గల అన్వయము తెలుగుదిగానే యున్నది. కావున మా సూత్రమును ఇట్లు సవరించుచున్నాము: తెలుగు అరుదుగా పరభాషాప్రత్యయమునకు చోటిచ్చును, పరభాషాన్వయమునకు చోటీయదు.

4

ఆ అన్వయముయొక్క స్వరూపమేమి? వాడు వచ్చినాడు, ఆమె వచ్చినది, అది వచ్చినది. వారు వచ్చినారు, అవి వచ్చినవి. ఏకవచనమున స్త్రీ అమహత్తుతో చేరును. బహువచనమున పురుషునితో చేరును. తమిళ కన్నడములయందు స్త్రీకి ఏకవచనమున ప్రత్యేకక్రియారూపము కలదు, తెలుగున లేదు. వచనము మారినంతనే తెగలవిభజనము గూడ మారుట మన భాషలోని విశేషము. చిన్నయసూరి మహదమహద్వివేచనమున దీనిని సంగ్రహముగా నిరూపించెను.

అంతకు ముందే ఇంగ్లీషువారు దీనితో పెనగులాడిరి. 1814వ సంవత్సరమున విలియం కేరీ శ్రీరాంపురమున తెలుగువ్యాకరణమును ప్రకటించెను. చెన్నపట్టణమున కుంఫిణీ ఉద్యోగులకు దేశభాషలు నేర్పుటకు 1812వ సంవత్సరమున సెయింట్ జార్జి కోట కళాశాల ఏర్పడినది. ఏ. డి. క్యాంబెల్ వ్యాకరణము 1816వ సంవత్సరమున వచ్చినది. అది దేశీయవైయాకరణుల సంప్రదాయమును ఎక్కువగా ఆశ్రయించినది. ఎల్లిసు దొర దాని పీఠికకు వ్రాసిన టిప్పణమున తెలుగు సంస్కృతజన్యము కాదని నిరూపించెను. సి. పి. బ్రౌను వ్యాకరణము 1840వ సంవత్సరమునను, అన్యదేశ్యపదములకై కూర్చిన మిశ్రభాషానిఘంటువు 1854వ సంవత్సరమునను వెలువడినవి. ఏ. హెచ్. ఆర్డెన్ వ్యాకరణము 1873వ సంవత్సరమున వచ్చినది. వీరందఱును తమ విద్యార్థులకు తెలియని తెలుగును, తెలిసిన ఇంగ్లీషుతో పోల్చి బోధించిరి. ఈ పద్ధతిని మేము ప్రత్యేకముగా పేర్కొనుటకు కారణము కలదు. ఆ ఇంగ్లీషు విద్యార్థికి లభించిన సౌకర్యము నేటి మన విద్యార్థికి లభించుట లేదు. ఇంగ్లీషువచనమును బోధించునపుడు అతనికి తెలిసిన తెలుగువచనముతో పోల్చువారు అరుదు.

5

అట్లు పోల్చినచో తప్పుల కారణములు కొంతవఱకు తేటపడును.

‘దిస్ బుక్స్’ అను తప్పును తీసికొందము. తెలుగున ఈ పుస్తకము, ఈ పుస్తకములు, ‘ఈ’ మారదు. ఇంగ్లీషున దిస్, దీజ్ అని మారవలెను. కాని ఇది, ఇవి అను సర్వనామములు తెలుగునను మారును. విశేషణముగా నున్నపుడు మార్పులేదనియు, సర్వనామమైనపుడు మార్పు కలదనియు విద్యార్థికి మొదట తన భాషలో చూపి, ఇంగ్లీషున రెండుచోట్లను మార్పు కలదని చెప్పినచో చాలును.

‘టెన్ రుపీస్ నోట్’ అనునది పదిరూపాయల నోటునకు సరియైన ప్రతిబింబము. తెలుగున సంఖ్యతో కూడిన విశేషణము బహువచనమున నుండును: పదిరూపాయల నోటు, అయిదేండ్ల పిల్లవాడు, ఆఱడుగుల గోడ. ఇంగ్లీషున అదేచోట ఏకవచనముండవలెను. ఇచ్చట తప్పు చేసినవాడు తన భాషలోని నియమమును శ్రద్ధతో పాటించినవాడే.

లగేజి, ఫర్నిచర్ అనునవి ఇంగ్లీషున లెక్కింపరాని పదములు, బహువచనము లేదు. మన సామానునకు సామానులు కలవు. విమానాశ్రయమున ‘లగేజీలు’ అన్నవాడు ఇంగ్లీషున ‘లగేజెస్’ అనుట వింత కాదు. లెక్కింపరాని పదములు తెలుగున లేకపోలేదు. వడ్లు, పెసలు, పాలు, నీళ్లు నిత్యబహువచనములు. బియ్యము, నెయ్యి, బంగారము నిత్యైకవచనములు. వడ్లు దంచినచో బియ్యమగును. బహువచనము రోటిలో పడి ఏకవచనమై బయటికి వచ్చును. దీనిని ప్రశ్నింపక అంగీకరించిన బాలుడు ఇంగ్లీషున రైస్ ఏకవచనమనియు ఓట్స్ బహువచనమనియు చెప్పినచో అంగీకరింపలేడా?

‘హి గో’ అను తప్పు అన్నింటికంటె లోతైనది. తెలుగున బహుత్వము నామమునను క్రియయందును చేరును: పిల్లలు వచ్చినారు. ఇంగ్లీషున బహువచననామమునకు ‘స్’ చేరును; క్రియకు మాత్రము ఏకవచనమున చేరును. బాయ్స్ గో, బాయ్ గోజ్. ‘స్’ బహువచనచిహ్నమని నేర్చుకొన్న బాలునకు ఏకవచనక్రియపై అదే ధ్వనిని చేర్చుమనుట విరుద్ధముగా తోచును. ఈ రెండు ‘స్’లకు సంబంధము లేదని చరిత్ర చెప్పుచున్నది. నామముపైనున్నది ప్రాచీన ఇంగ్లీషులోని ఒకానొక తెగ నామముల బహువచనప్రత్యయము. అది క్రమముగా ఇతరనామములకు వ్యాపించినది. ఆక్సెన్, చిల్డ్రెన్, మెన్ వంటివి అందులోనికి రాక మిగిలినవి. క్రియపైనున్నది ఉత్తరమాండలికములనుండి వచ్చి, పదునేడవ శతాబ్దినాటికి ‘ఎత్’ అను పూర్వరూపమును తొలగించినది. ప్రాచీన ఇంగ్లీషున క్రియకు వచనభేదము ఎక్కువగా నుండెడిది. సర్వనామములకు ద్వివచనము గూడ ఉండెడిది. అది యంతయు కాలక్రమమున రాలిపోగా నిలిచినది ఈ ‘స్’. ఒక శిథిలాలయమున నిలిచిన కడపటి స్తంభము వంటిది అది. దాని చరిత్ర తెలియనివానికి దాని ఉనికి అర్థము కాదు.

గౌరవబహువచనము మఱియొక చిక్కు. మా తండ్రిగారు వచ్చిరి అన్నచోట వ్యక్తి ఒక్కడే, క్రియ బహువచనము. ఇంగ్లీషున ఈ మర్యాద తండ్రివిషయమున లేదు. కాని యూ అను మధ్యమపురుషమున కలదు. యూ మొదట బహువచనమే. గౌరవార్థము ఏకవచనమునకు వాడి, వాడి, దౌ అను ఏకవచనమును మఱచిరి. ఒక్కనితో మాటాడునపుడు ‘యూ వాజ్’ అనుట పదునెనిమిదవ శతాబ్దిని ఇంగ్లండులో వినవచ్చెడిది. రాబర్టు లౌతు 1762వ సంవత్సరపు తన వ్యాకరణమున దానిని నిరసించెను. నవాబుశబ్దమున అరబ్బీ ఏ త్రోవను పోయినదో, యూ శబ్దమున ఇంగ్లీషు ఆ త్రోవనే పోయినది. ఈ వ్యాసమున మేము మేమని వ్రాయుచున్న మేమును ఒక్కరమే.

అన్ని తప్పులకును తెలుగే కారణమని మేము చెప్పుట లేదు. ‘వన్ ఆఫ్ మై ఫ్రెండ్’ అను తప్పును పరిశీలింపుడు. తెలుగున ‘నా స్నేహితులలో ఒకడు’ అని బహువచనమే కలదు. తెలుగును అనుసరించినచో ఇంగ్లీషు సరిగానే వచ్చియుండెడిది. ఇట్టిచోట మాతృభాష తప్పునకు హేతువు కాక మందగును. ఏ తప్పు మాతృభాషవలన కలిగినదో, దేనిని మాతృభాషయే దిద్దగలదో విడదీసి చూడవలెను.

6

హైదరాబాదు నగరము ఇట్టి పరిశోధనమునకు తగిన స్థానము. 1918వ సంవత్సరమున స్థాపితమైన ఉస్మానియా విశ్వవిద్యాలయమున బోధన ఉర్దూలో జరిగినను ఇంగ్లీషు విధిగా నేర్పబడినది. ఇంగ్లీషుబోధనమునకై కేంద్రసంస్థ 1958వ సంవత్సరమున ఈ నగరముననే ఏర్పడి, 2007వ సంవత్సరమున విశ్వవిద్యాలయమైనది. భద్రిరాజు కృష్ణమూర్తిగారు జె. పి. ఎల్. గ్విన్‌తో కలిసి రచించిన ఆధునికాంధ్రవ్యాకరణము 1985వ సంవత్సరమున ఇంగ్లీషున వెలువడినది. సాధనములు సిద్ధముగా నున్నవి. తెలుగుశాఖయు ఇంగ్లీషుశాఖయు ఒకే ఆవరణముననున్నను ఒకదాని పుస్తకమును వేఱొకటి తెఱచుట అరుదైనది. ఆ కొఱత తీరవలెను.

ప్రయాణికులు వచ్చు, పోవు ద్వారములకు ఇంగ్లీషువారు ఎరైవల్స్, డిపార్చర్స్ అని బహువచనమున పేర్లు పెట్టిరి; హిందీవారు ఆగమన్, ప్రస్థాన్ అని ఏకవచనమున వ్రాయుదురు. ఒకే పనిని ఒకభాష పెక్కు రాకలుగా లెక్కించినది. వేఱొకభాష ఒక్క రాకగా భావించినది. ఇందు ఏదియు తప్పు కాదు. వచనము ప్రపంచములోని వస్తువుల లెక్క మాత్రము కాదు. ఆ వస్తువులను లెక్కించుటకు ఒక్కొక్కజాతి చేసికొన్న ఒడంబడిక. విద్యార్థి తప్పు వ్రాసినపుడు, అతడు ఒక ఒడంబడికను మీఱి వేఱొక ఒడంబడికను పాటించెనేమో అని ఉపాధ్యాయుడు ఒక్కక్షణము విచారింపవలెను. అట్లు విచారించినచో ‘అశ్రద్ధ’ అను వ్రాత మన కాగితములపై కొంత తగ్గుననియు, దాని స్థానమున ‘మన భాషలో ఇట్లు, వారి భాషలో అట్లు’ అను వ్రాత కానవచ్చుననియు మేము ఆశించుచున్నాము.